పాటల బంగ్లా చాందినీ

మా ఊరి పాటల బంగ్లా మీద ఈ మధ్య ఎవరో చిన్న పుస్తకం వేశారు. మా మనవరాలు తెచ్చి చదివి వినిపించింది. గోడల్లో మట్టి కుండలు బోర్లించి కట్టారట, అందుకే అక్కడ పాట అంత కమ్మగా వినిపిస్తుందట. దూరదేశపు ఇంజనీరు ఒకాయన లెక్కలు వేసి కప్పుకు వంపు తిప్పాడట. వింటూ వింటూ పొట్ట పట్టుకుని నవ్వాను. నవ్వడం అయ్యాక కోపం వచ్చింది. ఆ గోడలకు నేను మూడుసార్లు దగ్గరుండి సున్నం వేయించాను. పెచ్చులూడిన చోటల్లా రాయిని కళ్లారా చూశాను. కుండ కాదు కదా, కుండ పెంకు కూడా కనిపించలేదు. ఆ బంగ్లాలో పాట నిలిచిందంటే మా బాపు నేసిన గుడ్డ వల్ల, మానేరు నీళ్ల వల్ల, కొంత మా అవ్వ నోటి వల్ల. ఈ మూడూ ఆ పుస్తకంలో లేవు కాబట్టి నేనే చెప్పుకోవాలి. మా వైపు బాపు అంటే నాన్న, అవ్వ అంటే అమ్మ.

మాది మానేరు ఒడ్డున నేతగాళ్ల ఊరు. కరీంనగర్ నుంచి వచ్చే బస్సు దిగి మా వీధి మొదట్లో నిలబడితే మనుషులు కనిపించకముందే మగ్గాల చప్పుడు వినిపించేది. ఆ వీధి చివర, ఏటికి వెళ్లే దారిలో, రాతితో సున్నంతో కట్టిన పెద్ద బంగ్లా ఉంది. నిజాం కాలంలో మా వైపు జాగీర్దారు ఒకాయన కట్టించాడు. ఆయనకు పాటల పిచ్చి. తగువు తీర్చమని వచ్చిన రైతును ముందు ఒక పాట పాడు, తర్వాత నీ తగువు చెప్పు అనేవాడని ఊళ్లో చెప్పుకునేవాళ్లు. నిజమో అబద్ధమో పాడినవాళ్లకే తెలియాలి.

బంగ్లా కప్పు ఎత్తుగా, లోపలికి గుమ్మటంలా ఉంటుంది. చూడటానికి దర్జాగానే ఉంటుంది కానీ వట్టి బంగ్లాలో ఒక్క మాట అంటే నాలుగు మాటలై తిరిగొచ్చేవి. అందుకని కప్పు కింద చాందినీ కట్టించారు. చాందినీ అంటే పందిరి గుడ్డ. గోడల్లో దిగ్గొట్టిన ఇనుప కొక్కేలకు తాళ్లు వేసి, మనుషుల నెత్తి మీద, ఈ గోడ నుంచి ఆ గోడకు కట్టేది. ఆ మొదటి చాందినీ నేసింది మా తాత. బాపు వాళ్ల నాయన.

తాత ఒక ముచ్చట మాకు పదే పదే చెప్పేవాడు. చాందినీ కట్టిన తెల్లారే కుండపోత వాన. కొత్త కప్పు పది చోట్ల కారింది. గుడ్డంతా నానిపోయి, చూలు బర్రె కడుపులా కిందికి వేలాడింది. ఆ రోజు పెట్టాల్సిన పాటల మెహఫిల్ ఆపేశారు. వారం తర్వాత గుడ్డ ఆరాక మళ్లీ పెడితే, హైదరాబాదు నుంచి వచ్చిన గాయని పాట మధ్యలో ఆపి, ఇలా పలికే చోటు నేను ఎక్కడా చూడలేదని గోడకు దండం పెట్టిందట. వరుణదేవుడే దీవించాడని జాగీర్దారు ఊరందరికీ అన్నం పెట్టించాడు. మేమూ దీవెన అనే నమ్మాం. ఆ దీవెనలో ఏముందో మా ఇంట్లో నలభై ఏళ్లపాటు ఒక్కరికీ తట్టలేదు.

పోలీసు చర్య జరిగినప్పుడు నాకు పదేళ్లు. జాగీర్దారు కుటుంబం ఒక పొద్దున బండ్లు కట్టుకుని వెళ్లిపోయింది. బంగ్లాకు కొన్నాళ్లు తాళం, తర్వాత కొన్నేళ్లు వడ్ల బస్తాలు. సుల్తానాబాద్ వైపు నుంచి బండ్లు వచ్చి అందులో దించేవి. పాటలు పాడిన చోట ఎలుకలు సంసారాలు పెట్టాయి. తాత నేసిన చాందినీ ఆ గడబిడలో ఎటు పోయిందో తెలియదు. ఎవరింట్లోనో బొంతలయి ఉంటుందని అవ్వ అనుమానం. ఏ ఇంటికి పేరంటానికి వెళ్లినా అక్కడి బొంత అంచు ఎత్తి చూసేది. ఆవిడతో వెళ్లడానికి నాకు సిగ్గయ్యేది.

బంగ్లా వదిలి వెళ్లనివాడు ఒక్కడే. తబలా వాయించే ఉస్తాద్. ఇరవై ఏళ్ల వయసులో ఆదిలాబాద్ అవతల నుంచి, బాసర దగ్గర గోదావరి దాటి, జాగీర్దారు దగ్గరికి వచ్చాడట. ఉర్దూ, మరాఠీ, తెలుగు మూడూ కలిపి మాట్లాడేవాడు. పెళ్లి లేదు, పిల్లలు లేరు. బంగ్లా పక్కనే ఉన్న చిన్న గది ఆయన ఇల్లు. హాలు నిండా వడ్ల బస్తాలు ఉన్న రోజుల్లో కూడా ఆ గదిలో కూర్చుని పొద్దున్నే తబలా సాధన చేసేవాడు. ఆ చప్పుడుకు ఎలుకలు కాసేపు ఊరుకునేవట, ఆయనే అన్నాడు.

నేను ఆయన దగ్గరే పాట నేర్చుకున్నాను. నేతగాళ్ల పిల్లకు బంగ్లా పాటలేమిటని వీధిలో గొణిగారు. బాపు అడ్డు చెప్పలేదు. అలాగని ఒక్కనాడూ వచ్చి వినలేదు. ముప్పై ఏళ్లు మగ్గం చప్పుడులో కూర్చుని ఆయన ఎడమ చెవి పూర్తిగా పోయింది, కుడి చెవి సగం పోయింది. ఇంట్లో నేను పాడుతుంటే నా పెదవుల వంక చూసి తల ఊపేవాడు. ఆ ఊపు ఎప్పుడూ తాళానికి కలిసేది కాదు. నాకు అదొక బాధ. ఊరంతా బాగుందన్న పాటను కన్నతండ్రి వినలేకపోయాడే అని లోపల్లోపలే కుమిలేదాన్ని.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డ నాలుగేళ్లకు వడ్లకు వేరే గోదాము కట్టారు. బంగ్లా ఖాళీ అయింది. అప్పటికి నేను ఆడపిల్లల బడిలో పంతులమ్మను, పెళ్లయి అదే వీధిలో నాలుగిళ్ల అవతల కాపురం ఉన్నాను. ఉస్తాద్, నేను కలిసి బంగ్లా కడిగాం. ఆదివారాలు బడి పిల్లలను తీసుకెళ్లి పాటలు నేర్పడం మొదలుపెట్టాను. నాలుగు ఆదివారాలు గడవకముందే పత్తి వ్యాపారులు తహసీల్దారు దగ్గర చేరారు. జమ్మికుంట మార్కెట్టుకు పంపేదాకా బేళ్లు దాచుకోవడానికి బంగ్లా కావాలన్నారు. ఉస్తాద్ గది కూడా కావాలి, కాపలావాడికి.

తహసీల్దారు కోస్తా వైపు నుంచి కొత్తగా బదిలీ అయి వచ్చాడు. చెడ్డవాడు కాదు. బంగ్లా చూడటానికి వచ్చి, మధ్యలో నిలబడి దగ్గాడు. ఆ దగ్గు కప్పుకు తగిలి చాలాసేపు తిరిగింది.

“ఇక్కడ పాటలేం వినపడతాయమ్మా? నా దగ్గే నాకు నాలుగుసార్లు వినపడింది,” అన్నాడు.

“చాందినీ లేక గట్ల అయితంది సార్. చాందినీ కడితె సరిగ్గ ఇనవడ్తది,” అన్నాను.

ఆయన తల ఎత్తి కప్పు వంక చూశాడు. “సరే, ఎండాకాలం దాకా గడువిస్తాను. కట్టండి. కచేరీ పెట్టండి. నేనొచ్చి చివరి వరుసలో కూర్చుంటాను. వెనక నిలబడ్డ మనిషికి కూడా పాటలో మాట మాట తెలియాలి. తెలిస్తే తాళంచెవి మీకే ఇస్తాను. లేకపోతే పత్తికి ఇచ్చేస్తా, నన్నేమీ అనకూడదు,” అన్నాడు.

తహసీల్దారు వెళ్లాక ఉస్తాద్ తన గది గడప మీద కూలబడి, “బేటీ, అరవై దాటినంక నేనెక్కడ వోవాలె?” అన్నాడు. మా ఇంటికి రమ్మంటే వచ్చే మనిషి కాదు.

చాందినీ సంగతి బాపుకు చెప్పడానికి వాకిట్లో నిలబడి అరవాల్సి వచ్చింది. మా ఇంట్లో రహస్యాలు అనేవి ఉండేవి కావు, ప్రతి మాటా వీధి వీధికంతా తెలిసేది. బాపు విని, “మా నాయన నేసిండు, నేను నెయ్యనా?” అన్నాడు. అంతే. వీధిలో తలా కొంత నూలు ఇచ్చారు. నాలుగు నెలలు పట్టీలు పట్టీలుగా నేశాడు. అవ్వ, వీధి ఆడవాళ్లు కలిసి ఆ పట్టీలను జోడించి కుట్టారు.

ఇక్కడ మా నేతగాళ్ల పట్టింపు ఒకటి చెప్పాలి. మగ్గం దిగిన గుడ్డకు గంజి ఉండాలి. పడుగు నూలు వీధిలో చాపి గంజి పట్టిస్తాం, నేశాక మళ్లీ ఒక దఫా గంజి పెట్టి, సాపు చేసి, పెళపెళలాడేలా ఇస్తాం. గంజి లేని గుడ్డ అంటే నీళ్లు చూసిన గుడ్డ, అంటే ఒకరు కట్టి విడిచింది. దాన్ని పండుగకు ఇవ్వం, దేవుడికి అసలే ఇవ్వం. అలా ఇస్తే నేసినవాడికి తలవంపులు. ఆ పట్టింపుతోనే బాపు చాందినీకి ఒకటికి రెండు దఫాలు చిక్కటి గంజి పట్టించాడు. ఎండకు ఆరాక వేలితో కొడితే తప్పెటలా మోగింది. తాతకు తగ్గ కొడుకని వీధంతా మెచ్చుకుంది. బాపు మీసాల చాటున నవ్వుకున్నాడు, నేను చూశాను.

కచేరీ ఆదివారం పొద్దున. శుక్రవారం చాందినీ కట్టాం. తాళ్లు లాగి లాగి, ఎక్కడా మడత లేకుండా, బల్లపరుపుగా బిగించాడు బాపు. పాల మీగడలా తెల్లగా మెరిసింది. ఉస్తాద్ తబలా ముందు కూర్చున్నాడు, నేను గొంతు ఎత్తాను.

వట్టి బంగ్లాయే నయం. నేను ఒక మాట పాడి రెండో మాటకు వచ్చేసరికి మొదటిది పైకి పోయి, గుడ్డకు తగిలి, రెండోదాని మీద పడింది. పై స్థాయికి పోతే చాందినీయే బర్రుమని మోగింది. ఉస్తాద్ నా గొంతు బిగుసుకుందన్నాడు. నేను తబలా ఎక్కువైందన్నాను. ఆడలేక మద్దెల ఓడు అంటారు, ఆ రోజు మాత్రం మద్దెలవాడే ముందు పాటదాన్ని తిట్టాడు. పత్తి వ్యాపారుల మనిషి ఒకడు తలుపు దగ్గర నిలబడి చూస్తున్నాడు.

“పత్తి బేళ్లకు చెవులుండయి అమ్మా. వాటికి గీ బంగ్లా మస్తుగ సరిపోతది,” అని నవ్వుకుంటూ పోయాడు.

వాడి నవ్వుకంటే నన్ను ఎక్కువ బాధపెట్టింది బాపు ముఖం. ఆయనకు తేడా వినిపించలేదు. చాందినీ వైపు చూపిస్తూ, ఎట్లున్నదని కనుబొమలు ఎగరేశాడు. బాగుందని తల ఊపాను. మింగలేక కక్కలేక ఇంటికి వచ్చాను.

శనివారం పొద్దున అవ్వ దగ్గరికి వెళ్లాను. ఆవిడ అన్నం వారుస్తోంది. నా కచేరీ చీరకు గంజి గట్టిగా పెట్టమని అడిగాను, అందరి ముందు కూర్చోవాలి కదా. అవ్వకు వెంటనే తిక్కరేగింది.

“ఎందుకే గంత గంజి? మొన్న గంజి చీర కట్టుకొని నాతోని మాట్లాడుతుంటె నీ మాట ఒక్కటి ఇనవడలే, చీర చప్పుడే ఇనవడ్డది. పాడేతందుకు పోతున్నవా, చీర మోగించేతందుకు పోతున్నవా?”

తాత ముచ్చట గుర్తొచ్చింది. వాన. నానిపోయిన చాందినీ. ఆరాక కమ్మగా పలికిన పాట. వరుణదేవుడు దీవించాడో లేదో నాకు తెలియదు గానీ, ఆ వాన చేసిన పని మాత్రం ఒకటే. గంజి వదిలించింది.

అనుకుంటే సరిపోదు కదా. అవ్వ పెద్ద ఇత్తడి గంగాళం తీసుకుని, చాందినీలో మిగిలిన రెండు ముక్కలు పట్టుకుని ఉస్తాద్ దగ్గరికి పరుగెత్తాను. గంగాళంలో తల పెట్టి పిలిస్తే గుడి గంటలా మోగింది. గంజి ముక్కను లోపల చుట్టూ పరిచి పిలిచాం, అప్పుడూ మోగింది. రెండో ముక్కను బాగా పిండి ఉతికి, ఎండలో ఆరేసి, ఆరాక అది పరిచి పిలిచాం. మాట మాటలాగే వినిపించింది. ఉస్తాద్ మూడుసార్లు ముక్కలు మార్చి మార్చి చూశాడు. తర్వాత తన నెత్తి మీద తానే ఒకటి కొట్టుకున్నాడు.

“అరే, ఐక, ఇను బేటీ! నలభై ఏండ్లు గీ బంగ్లాల కూసున్న. పాత చాందినీ మీ అవ్వ పాత చీర లెక్క మెత్తగుంటుండె. నా అకల్ ఎటు వోయింది?”

సంతోషం ఒక్క క్షణమే. ఇక ఈ సంగతి బాపుకు చెప్పాలి.

వాకిట్లో నిలబడి అరిచి చెప్పాను. మెల్లగా చెప్పే వీలే లేదు ఆయనకు. గంజి వల్ల పాట పాడైంది, చాందినీ దించి ఏట్లో ఉతకాలి అని నేను అరుస్తుంటే వీధంతా వింది. బాపు ముఖం నల్లబడింది.

“నీళ్లు సూసిన బట్ట నెత్తి మీద కట్టుకొని పాడ్తరా? నాలుగు నెలలు నేసిన. రేపు తహసీల్దారు ముంగట నా బట్ట ముడుతలు వడి ఏలాడాల్నా? సాలెటోడు కట్టి విడిచిన గుడ్డ ఇచ్చిండు అంటరు. నేను బతికుండంగ గాదు.”

నాకూ కోపం తక్కువేం కాదు. ఆయన బిడ్డనే కదా. “నీ పేరు కోసం ఉస్తాద్ బజార్ల పడాల్నా? నీకెట్లా ఇనవడదు, ఇనవడేటోళ్ల సంగతి నీకెందుకు!” అన్నాను.

అన్న మాట నోట్లోంచి ఊడిపడగానే నాలుక కోసుకోవాలనిపించింది. ఆయన చెవి ఎందుకు పోయింది, మా కడుపులు నింపడానికి కాదా? ఆయన నా పెదవులనే చూస్తున్నాడు. మొత్తం అర్థమైందని తెలిసిపోయింది. వెళ్లి మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నాడు. మగ్గం టకటకమని ఆడింది. అవ్వ నా వైపు చూసి, “జర ఊకో. గా మనిషికి కోపం దిగాల్నంటె నాలుగు గజాలు నేయాలె,” అంది.

నాలుగు గజాలు నేశాడో లేదో కానీ, ఎండ నడినెత్తికి రాకముందే మగ్గం ఆగింది. బాపు తువ్వాల నెత్తికి చుట్టుకుని బయటికి వచ్చాడు. నా వైపు చూడకుండా బంగ్లా వైపు నడిచాడు. వెనకే పరుగెత్తాను. నిచ్చెన వేసుకుని మొదటి కొక్కెం దగ్గర తాడు విప్పుతున్నాడు. ఉస్తాద్ సాయానికి పోతే చేత్తో వద్దన్నాడు.

“నేను కట్టిన ముడి నేనే ఇప్పాలె.”

తర్వాత వీధి కదిలింది. పది మంది మగవాళ్లు చాందినీని చుట్ట చుట్టి, పెద్ద దూలాన్ని మోసినట్లు భుజాల మీద ఏటికి మోశారు. ఎండాకాలం, మానేరు సన్నగా ఒక పాయగా పారుతోంది. ఇసుక కాళ్లు కాల్చింది. గుడ్డను నీళ్లలో పరిచి అందరం దిగి తొక్కాం. ఆడవాళ్లు, మగవాళ్లు, నా బడి పిల్లలు. గంజి వదిలి నీళ్లు పాలలా తెల్లబడ్డాయి. ఎక్కడి నుంచి వచ్చాయో గాని చేపపిల్లలు గుంపులు గుంపులుగా వచ్చి ఆ గంజి తాగాయి, మా కాళ్లకు తగిలి చక్కిలిగింతలు పెట్టాయి. పిల్లలు కిలకిలా నవ్వారు. బాపు మోకాళ్ల లోతులో నిలబడి ఆ తెల్లనీళ్లు దిగువకు పోవడం చూస్తున్నాడు. దగ్గరికి వెళ్లి చేయి పట్టుకున్నాను. విడిపించుకోలేదు, అలాగని నా వైపు తిరగనూ లేదు.

పొద్దు వాలేదాకా గుడ్డ ఇసుక మీద ఆరింది. నేను ఒడ్డున కూర్చుని పాట గురించి ఆలోచించాను. అవ్వ కండెలకు నూలు చుట్టేటప్పుడు పాడే పాట ఒకటుంది. అందులో నాడె అంటే పడుగు నడుమ పేక నూలును అటూ ఇటూ మోసుకుపోయేది.

పడుగు నాది, పేక నీది, నడుమ నాడె ఎవ్వరిదే
చేతిలోన నిలువకుండ చెంగుచెంగున ఉరికెనే

ఇది పాడదామనుకుంటే ఉస్తాద్ ఒప్పుకోలేదు. మా వీధిలో అందరికీ వచ్చిన పాట అది. తెలిసిన పాటను చెవి వినకపోయినా మనసు అందిస్తుంది, అది పరీక్ష కాదు, దగా అవుతుందన్నాడు. మొండిగా మాట్లాడినా న్యాయం మాట్లాడేవాడు. అందుకని అవ్వ చరణం తర్వాత పాడటానికి అక్కడే ఏటి ఒడ్డున కొత్తగా ఒక చరణం కట్టాను. ఉస్తాద్‌కు తప్ప ఎవరికీ వినిపించలేదు. అవ్వకు కూడా.

ఆదివారం పొద్దున్నే చాందినీ మళ్లీ ఎక్కింది. ఇప్పుడు మెరుపు లేదు. ముడతలు పడి, అక్కడక్కడా కిందికి జారి, అచ్చం పాత చీరలాగే ఉంది. బాపు తాళ్లు కట్టి, తల ఎత్తి చూడకుండా బయటికి వెళ్లిపోయాడు. ఉస్తాద్ గదిలోకి తొంగిచూస్తే రేకు పెట్టె సర్ది ఉంది, బొంత చుట్ట చుట్టి ఉంది. ఏదైనా కానీ అని సిద్ధమై కూర్చున్నాడు ఆ మనిషి. నాకు చెప్పలేదు.

పది గంటలకు బంగ్లా నిండింది. తహసీల్దారు వచ్చి అన్నట్లే చివరి వరుసలో కూర్చున్నాడు. పత్తి వ్యాపారులు ఆయన పక్కన. నేను కళ్లు మూసుకుని గొంతు ఎత్తాను. మొదటి మాట వెళ్లింది. వెళ్లి తిరిగి రాలేదు. రెండో మాటకు దారి ఖాళీగా ఉంది. ఆ క్షణంలో నా ఒంట్లోకి ప్రాణం లేచి వచ్చింది, ఆ హాయి ఈ వయసులోనూ గుర్తుంది. ఉస్తాద్ తబలా మీద ఒక్కొక్క వేలు విడివిడిగా వినిపించింది. అవ్వ చరణం పాడాను, కొత్త చరణం రెండుసార్లు పాడాను, ముగించాను.

తహసీల్దారు లేచి నిలబడ్డాడు. “నాకు వినపడింది. కానీ నేను కుర్చీలో కూర్చున్నవాణ్ని. నిలబడ్డవాళ్ల సంగతి చూడాలిగా,” అంటూ వెనక్కి తిరిగాడు. తలుపు దగ్గర, గోడకు ఆనుకుని, నెత్తికి తువ్వాల చుట్టుకున్న ఒక మనిషి నిలబడి ఉన్నాడు.

బాపు. ఎప్పుడు వచ్చాడో తెలియదు.

“ఏమయ్యా పెద్దాయనా, ఆ అమ్మాయి ఏం పాడిందో చెప్పు చూద్దాం!” అన్నాడు తహసీల్దారు.

బాపుకు చెవులు వినపడవని ఊళ్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. తెలియనిది తహసీల్దారు ఒక్కడికే. పక్కనున్న పత్తి వ్యాపారికి తెలుసు, నోరు మెదపలేదు, మూతి మీద నవ్వు మాత్రం మొలిచింది. ఉస్తాద్ తబలా మీద చేతులు పెట్టి కళ్లు మూసుకున్నాడు. అయిపోయిందనుకున్నాను. ఇన్ని వందల మందిలో ఆ ఒక్క మనిషే దొరికాడా ఈయనకు అని ఏడుపు వచ్చింది.

బాపు తహసీల్దారు పెదవుల వంక చూశాడు. “పడుగు నాది, పేక నీది, నడుమ నాడె ఎవ్వరిదే,” అన్నాడు. రాగం లేదు, సంతలో బేరం చెప్పినట్లు చెప్పాడు. రెండో పాదం కూడా చెప్పాడు. నా ఏడుపు తగ్గలేదు. అవి ఆయన ముప్పై ఏళ్లుగా అవ్వ పెదవుల మీద చూసిన మాటలు. ఇక్కడితో ఆగిపోతాడు, తర్వాత ఏమీ లేదు ఆయన దగ్గర అనుకున్నాను.

“అంతేనా?” అన్నాడు తహసీల్దారు.

“ఇంకున్నది సారు.” బాపు చాందినీ వైపు తల ఎత్తాడు. కట్టాక ఆయన దాన్ని చూడటం అదే మొదలు. “ఏటిలోన మునిగి లేచి మెత్తనైన బట్టనే.”

నెత్తికి చుట్టిన తువ్వాల తీసి చేత పట్టుకున్నాడు.

“నేసినోని కష్టమంత నెత్తి మీద నీడనే.”

మొదట ఉస్తాద్ లేచాడు. “శెభాష్!” అని అరిచి తబలా మీద ఎడాపెడా వాయించాడు. వీధంతా లేచింది. అవ్వ ఎవరినో పట్టుకుని ఏడుస్తోంది. తహసీల్దారుకు ఈ సంబరం ఎందుకో పూర్తిగా అర్థం కాలేదు, అయినా నవ్వుతూ జేబులోంచి తాళంచెవి తీసి ఉస్తాద్ చేతిలో పెట్టాడు. ఉస్తాద్ దాన్ని కళ్లకు అద్దుకుని గదిలోకి వెళ్లాడు. నేను తలుపు దగ్గర నిలబడి చూశాను. రేకు పెట్టె తెరిచి, కప్పూ సాసరూ తీసి గూట్లో పెట్టాడు. చుట్టిన బొంత విప్పి పరిచి, దాని మీద కాళ్లు బారజాపి కూర్చున్నాడు. ఆయన అలా కూర్చోవడం చూస్తే నా నెత్తి మీది బండ దించినట్లయింది.

ఆ తర్వాత బంగ్లాలో ఏం జరగలేదని! నిర్మల్ వైపు నుంచి మరాఠీ కీర్తనలవాళ్లు వచ్చారు, కవ్వాలీలు జరిగాయి, హరికథలు, బడి నాటకాలు, ఒకసారి ఎన్నికల పెట్టెలు కూడా పెట్టారు. బంగ్లా లోపల జాగీర్దారు ఇంటి ఆడవాళ్లు కూర్చుని పాట వినే మేడ అంచుకు పరదాగా కట్టిన తడికలు నేనే ఊడదీయించాను. ఉస్తాద్ ఆ గదిలోనే ఎనిమిదేళ్లు దర్జాగా బతికాడు. ఏటా తొలకరికి ముందు వీధంతా కలిసి చాందినీని మానేరులో ఉతకడం ఆనవాయితీ అయింది. గుడ్డ మారింది, నేసేవాళ్లు మారారు. గంజి మాత్రం మళ్లీ ఎక్కలేదు.

ఆ ఆదివారం కచేరీ అయ్యాక బాపు, నేను వీధి వెంట నడిచి వచ్చాం. ముందురోజు అన్న మాట నా గొంతులోనే ముల్లులా ఉంది. ఆయన ముందుకు వచ్చి నిలబడి, పెదవులు కనపడేలా, “తప్పు మాట అన్న బాపు,” అన్నాను. పోనీ అన్నట్లు చేయి ఊపాడు. అయినా నాకు అనుమానం తీరలేదు. ఉస్తాద్ కొత్త చరణం ముందే చెప్పాడా, ఎవరైనా సైగ చేశారా అని అడిగాను.

“నాకెవ్వలు చెప్పలే. తలుపుకాడ నిలవడి కండ్లు మూసుకున్న,” అన్నాడు. నేను నమ్మలేనట్లు చూస్తుంటే నవ్వాడు. “ఇన్నేండ్ల సంది నువ్వు మంచిగ పాడ్తవని పదిమంది అంటుంటె నమ్మిన బిడ్డా. నువ్వు పాడంగ ఇన్నది ఇయ్యాల్నే.”

ఇంకోసారి పాడమన్నాడు. కుడి చెవి నా వైపు తిప్పి, కళ్లు మూసుకున్నాడు. రెండు వైపులా మగ్గాలు ఆగిన ఆ వీధి మధ్యలో నిలబడి మా బాపుకు పాడాను.